చివరి వరసలోని నంబరు

బేకరీలో రొట్టెల ట్రేని పొయ్యిలోంచి బయటికి లాగుతున్న మనిషిని వెనకనుంచి కాల్చారు. ఒక్కటే బుల్లెట్. పిస్టల్‌కి సైలెన్సర్. పక్క దుకాణంవాళ్ళకి ట్రే కింద పడ్డ చప్పుడే తప్ప ఇంకేమీ వినపడలేదు.

సరిహద్దు అవతల ఇది జరిగినప్పుడు పొద్దున ఏడు. పదకొండున్నరకల్లా కబురు ఇవతల ఒక పాత భవనం మూడో అంతస్తుకి చేరింది. ఆ అంతస్తు తలుపు మీద ‘నీటి మీటర్ల తనిఖీ విభాగం’ అని బోర్డు ఉంటుంది. లోపలివాళ్ళెవరూ ఇంతవరకూ ఒక్క మీటరు మూత కూడా తీసి ఎరగరు.

"కూర్చో," అన్నాడు చీఫ్.

ఏజెంట్ పాదరసం కూర్చున్నాడు. డిపార్ట్‌మెంటు పెట్టిన పేరది. పట్టుకోబోతే వేళ్ళ సందుల్లోంచి జారిపోతాడని పెట్టారు. పదకొండేళ్ళ సర్వీసులో పళ్ళ డాక్టరయ్యాడు, లిఫ్టు మెకానిక్కయ్యాడు, ఒకసారి రెండు వారాలపాటు పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ కూడా అయ్యాడు.

"పోయినవాడు మనవాడు," అన్నాడు చీఫ్. "తొమ్మిదేళ్ళుగా అక్కడ రొట్టెలు కాలుస్తూ మనకి కబుర్లు పంపేవాడు. ఇద్దరు పిల్లలు. నలభై రెండు పేర్ల లిస్టులో వాడిది మొదటి పేరు. ఆ లిస్టు బయటికి పోయింది."

"మిగతా నలభై ఒక్కమంది?"

"ప్రస్తుతానికి ప్రాణాలతో ఉన్నారు. సరుకు అసలుదేనని కొనేవాడికి నమ్మకం కుదరాలిగా. అందుకని శాంపిల్‌గా ఒక పేరు ఊరికే ఇచ్చారు. మిగతావి గురువారం చేతులు మారతాయి."

చీఫ్ సొరుగులోంచి ఒక చిన్న డబ్బా తీసి మూత తెరిచాడు. దూది మీద గోరంత అద్దం ముక్క. పలచటి తేనె రంగు. చుట్టూ ఉంగరంలా సన్నటి నల్ల అంచు.

"గార్నెట్ ప్లేట్. మన లిస్టులన్నీ వీటిమీదే రాయిస్తాం. పోయిన నెల లాబ్‌లో ఎవడో మన లిస్టుకి దొంగ కాపీ ఒకటి రాసుకున్నాడు."

"ఏ లాబ్ సార్?" అని అడిగాడే గానీ, పాదరసానికి జవాబు తెలుసు.

"థిన్ ఫిల్మ్ లాబ్. నాలుగేళ్ళ క్రితం నువ్వు ఎనిమిది నెలలు అసిస్టెంటు వేషంలో ఉన్నదే. అప్పుడూ ఒక ప్లేటు పోయింది. లాబ్ పెద్ద మాస్టారు ఒక విదేశీయుడికి కవరు అందిస్తుండగా కళ్ళారా చూశానని రిపోర్టు రాశావు. ఆయన్ని తీసేశాం. ఆయన వెళ్ళి నాలుగేళ్ళు. మరి పోయిన నెల కాపీ రాసిందెవరు?"

పాదరసం చేయి చాచి డబ్బా మూత పెట్టేశాడు.

ఆ రోజు పాదరసం చూసింది ఒక వీపుని. పొడవాటి వరండా చివర, మసక అద్దం తలుపు అవతల, తెల్ల కోటు వేసుకున్న ఒక వీపు. ఆ చేయి ఇంకో చేతికి గోధుమరంగు కవరు అందించింది. అంతే. లాబ్‌లో అందరివీ తెల్ల కోట్లే. ప్లేట్లుండే బీరువా తాళం చెవులు మాత్రం ఇద్దరి దగ్గరే ఉండేవి. ఒకటి మాస్టారి దగ్గర, రెండోది ఆయన కింద పనిచేసే డిప్యూటీ దగ్గర. సాయంత్రం నాలుగింటికి చీఫ్ ఫోన్ చేశాడు. "ఆరులోగా పేరు కావాలి. చూశావా, లేదా?" మాస్టారే అయ్యుండాలి అనుకున్నాడు పాదరసం. కాగితం మీద మాత్రం ‘అయ్యుండాలి’ అని రాయలేదు. ‘చూశాను’ అని రాశాడు.

"నన్నేం చెయ్యమంటారు సార్?"

"గురువారం నాలుగు గంటలకి కళ్ళద్దాల, మైక్రోస్కోపుల ఎగ్జిబిషన్‌లో బేరం తెగుతుంది. ప్లేటు తెచ్చేది పచ్చకోటు."

పచ్చకోటు అంటే తెలియనివాళ్ళు డిపార్ట్‌మెంట్లో లేరు. అయిదు భాషల అనువాదకురాలు. ఆమె గదిలోకి వస్తే మాట్లాడుతున్నవాళ్ళు ఏం మాట్లాడుతున్నారో మరిచిపోతారు. పైకి లిస్టు అమ్ముతున్న ముఠా మనిషి. లోపల మన మనిషి. అలాగని చీఫ్ నమ్మకం.

"ప్లేటుని కోటుకి గుచ్చుకునే బ్రూచ్‌లో రాయిలా పొదిగి పెట్టుకుని వస్తుంది. నువ్వొక నకిలీ బ్రూచ్ ఇచ్చి అసలుది తీసుకోవాలి. తేగలిగితే తీసుకురా. తేలేకపోతే అక్కడే ప్లేటుని చంపెయ్, దానిమీద రాసిందంతా చెరిగిపోవాలి. అప్పట్లో నిన్ను ప్లేట్ల దగ్గరికి రానివ్వలేదు కాబట్టి, అసలుదేదో గుర్తుపట్టడం, చంపడం నీకు ఎవరో ఒకరు నేర్పాలి. లాబ్‌లో దొంగ ఎవడో తెలిసేదాకా అక్కడి మనిషినెవరినీ అడగలేం. ఇక బయట ఉన్నది ఒక్కడే."

"ఆయన నన్ను గుర్తుపడతారు."

"పట్టకుండా వెళ్ళు. ఆయనతో నీటి మీటర్ల కథ చెప్పక్కర్లేదు. మన డిపార్ట్‌మెంటు మనిషివని చెప్పు. వస్తారో రారో ఆయనిష్టం."

*

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో మాస్టారు అద్దాలు అరగదీస్తున్నాడు. తడి రాతిచక్రం, పక్కన ఇనప కుర్చీ, గోడకి వరసగా వేలాడుతున్న ఖాళీ ఫ్రేములు. మునుపటికంటే సగమయ్యాడు మనిషి. వేళ్ళకి తెల్లటి పిండి అంటుకుని ఉంది.

నెరిసిన గడ్డం, బొంగురు గొంతు, ఎడమకాలి కుంటుతో పాదరసం గుమ్మంలో నిలబడి తన ఐడెంటిటీ కార్డు చూపించాడు. మాస్టారు కార్డుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చదివి, చక్రం ఆపాడు.

"మీ డిపార్ట్‌మెంటుకి నాతో పని పడిందా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. "ఏమేవ్, ఎవరో వచ్చారు. టీ పెట్టు."

లోపల్నుంచి పిన్ని వచ్చింది. ఆ ఎనిమిది నెలలూ పాదరసం ఆమెని పిన్నీ అనే పిలిచాడు. ఆదివారాలు వాళ్ళింట్లోనే భోంచేశాడు. జ్వరం వస్తే ఆమే తడిగుడ్డ వేసింది. ఇప్పుడు కొత్త మనిషిని చూసినట్టు చూసి, టీ గ్లాసు చేతికిచ్చి, లోపలికి వెళ్ళిపోయింది. పాదరసం ఆ గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. వేషం బాగా కుదిరినందుకు మొదటిసారి అతనికి ఏడుపొచ్చింది.

సంగతంతా చెప్పాడు. బేకరీ మనిషి గురించి, నలభై ఒక్కమంది గురించి. మాస్టారు విన్నంతసేపూ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. తరువాత లేచి, అలమర పైనుంచి గుడ్డ చుట్టిన మైక్రోస్కోపు దించాడు. దుకాణంలో పారేసిన అద్దాలతో తనే కట్టుకున్నాడట. కింద బల్బు, మధ్యలో వెలుతురుని ఒకే దిక్కుకి వడకట్టే పోలరాయిడ్ ముక్క, పైన ఇంకొకటి. మధ్య బల్ల మీద చిన్న గార్నెట్ పలక.

"ఇది పనికిరాదని లాబ్‌లో పారేసిన పలక. దొంగతనం కాదు లెండి," అని నవ్వాడు. "చూడండి."

పాదరసం కన్ను ఆనించాడు. వేలిముద్రలా ఉంది. నల్ల చారలు, తెల్ల చారలు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా కలవకుండా, ఎక్కడా ఆగకుండా మెలికలు తిరుగుతూ కనుచూపు మేరా పరుచుకున్నాయి.

"ఆ పలక మీది సన్నటి ఫిల్మ్ పొరలో కోట్ల కొద్దీ చిట్టి అయస్కాంతాలు ఉన్నాయి. కొన్ని జట్టుకట్టి పైకి చూస్తాయి, కొన్ని జట్టుకట్టి కిందికి చూస్తాయి. పైకి చూసేవి తెల్లగా, కిందికి చూసేవి నల్లగా కనపడతాయి. ఒక్కో జట్టునీ డొమైన్ అంటాం. రెండు పక్షాలూ సరిసమానం కాబట్టి, చోటు సగం సగం పంచుకుని ఇలా మెలికలు పడి ఉంటాయి. ఇప్పుడు కన్ను తియ్యకండి."

మాస్టారు పక్కనుంచి ఒక అయస్కాంతాన్ని దగ్గరికి జరిపాడు. నల్ల చారలు సన్నబడ్డాయి. చివరలు ముడుచుకున్నాయి. ఒక్కొక్కటే పొట్టిదై, పొట్టిదై, గుండ్రటి చుక్కయి నిలబడింది.

"తెలుపు పక్షానికి బయటినుంచి బలం వచ్చింది. నలుపు ఇలా బుడగలయింది. బుడగ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. అలా రాస్తాం పేర్లు. ప్లేటు చుట్టూ నల్ల అంచు ఉంటుంది చూశారా, అదీ అయస్కాంతమే. బుడగల్ని సరిగ్గా ఇంతే బలంతో అదిమి పెడుతుంది. రాసిన ప్లేటులో బుడగలు వరసలు కట్టి ఉంటాయి. రాయని ప్లేటులో ఈ మెలికలే ఉంటాయి. తేడా చిన్నపిల్లాడైనా చెప్పగలడు."

"చంపాలంటే?"

"ఇంకా బలంగా అదమాలి."

అయస్కాంతం ఇంకాస్త దగ్గరికి వచ్చింది. చుక్కలు చిన్నవై, టప్పున ఒకటి పోయింది. తరువాత నాలుగు. తరువాత అన్నీ. కంటి ముందు తెలుపు తప్ప ఏమీ లేదు.

"అయస్కాంతం తీసేస్తే చారలు మళ్ళీ వస్తాయి. పాత దారిలో మాత్రం రావు. ముందు అక్కడ ఏముండేదో ఆ తరువాత ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను."

పాదరసం తలెత్తలేదు. తెల్లటి ఆ శూన్యంలోకే చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్క మాట," అన్నాడు మాస్టారు. "వీలైతే చంపకండి. రాసిన ప్రతి ప్లేటులోనూ చివరి వరసలో రాసినవాడి లాబ్ నంబరు దానంతటదే పడుతుంది. ఆ ఏర్పాటు నేనే చేశాను. నేను చేసినట్టు లాబ్‌లో ఎవరికీ తెలీదు. ఆ వరస చదివితే దొంగెవరో తెలిసిపోతుంది. నా సంగతి కూడా..." మాట మధ్యలో ఆపి గ్లాసు అందుకున్నాడు. "పోనివ్వండి. ముందు ఆ నలభై ఒక్కమంది."

పెన్ను సైజు మైక్రోస్కోపొకటి తీసి, దానికి అటూ ఇటూ పోలరాయిడ్ ముక్కలు అతికించి ఇచ్చాడు. ప్లేటుని బల్బుకి అడ్డంపెట్టి చూస్తే చాలన్నాడు. పాదరసం జేబులో పెట్టుకుని లేచాడు.

"ఈ సాయానికి మేం మీకు ఏం చెయ్యగలం?"

మాస్టారు గుమ్మం దాకా వచ్చి, లోపలికి వినపడకుండా గొంతు తగ్గించాడు.

"నా దగ్గర ఒక అసిస్టెంటు ఉండేవాడు. బుద్ధిమంతుడు. నన్ను తీసేసిన రోజునుంచీ వాడూ కనపడలేదు. నా దగ్గర పనిచేశాడని వాణ్ణి కూడా మీవాళ్ళే పట్టుకుపోయి ఉంటారు. వాడికేం తెలీదండీ. నా మూలంగా వాడి బతుకు పాడైంది. మా ఆవిడ ఇప్పటికీ వాడి కోసం ఏడుస్తుంది. ఎక్కడున్నాడో కనుక్కుని, వీలైతే వదిలిపెట్టించండి. నాకింకేం వద్దు."

పాదరసం ‘సరే’ అనాలనుకున్నాడు. బదులుగా తలాడించి వీధిలోకి నడిచాడు. మలుపు తిరిగి పదడుగులు వేశాక గానీ, కుంటడం మరిచిపోయానని గుర్తురాలేదు.

*

గురువారం మూడూ ముప్పావు. ఎగ్జిబిషన్ హాల్లో కాలు పెట్టే సందు లేదు. ఎటు చూసినా గాజు, ఇత్తడి, మెరుపు. టెలిస్కోపులు, కెమెరాలు, రంగురంగుల కళ్ళజోళ్ళు. పైన లౌడ్‌స్పీకర్లలో ఎవరో అమ్మాయి స్టాళ్ళ నంబర్లు చదువుతోంది.

ఇవాళ పాదరసం ఎలక్ట్రీషియన్. నూనె మరకల నీలం దుస్తులు, చెవిలో పెన్సిలు, భుజాన పాడైపోయిన ఒక లౌడ్‌స్పీకర్. స్పీకర్ పట్టుకుని తిరిగేవాణ్ణి ఏ హాల్లోనూ ఎవరూ ఆపరు. గేటు బయట మఫ్టీలో ఆరుగురు మనవాళ్ళు ఉన్నారు. లోపల అతనొక్కడే.

ఆకుపచ్చ కోటు జనంలోంచి తేలుతూ వచ్చింది. కోటు ఎడమవైపు బ్రూచ్. మధ్యలో తేనె రంగు రాయి.

"ఈ హాల్లో వెలుతురు మరీ ఎక్కువ," అంది ఆమె, ఎవరితోనో అన్నట్టు.

"నీడ కావాలంటే మూడో స్తంభం వెనక ఉంటుందండీ," అన్నాడు పాదరసం.

స్తంభం వెనక పని పది సెకన్లలో అయిపోయింది. ఆమె బ్రూచ్ తీసి అతని అరచేతిలో పెట్టింది. అతను నకిలీ బ్రూచ్ ఇచ్చాడు. ఆమె దాన్ని కోటుకి పెట్టుకోకుండా హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"పెట్టుకోరా?"

"స్టాల్ దగ్గర పెట్టుకుంటాను. మీ చీఫ్‌ని అడిగానని చెప్పండి." చిన్నగా నవ్వింది. సెంటు వాసన అక్కడే వదిలేసి జనంలో కలిసిపోయింది.

మరీ తేలిగ్గా అయిపోయింది. పాదరసానికి అది నచ్చలేదు. స్తంభానికి ఉన్న దీపానికి ఎదురుగా బ్రూచ్ పట్టుకుని, పెన్ను మైక్రోస్కోపులోంచి చూశాడు.

మెలికలు. నల్ల చారలు, తెల్ల చారలు, వేలిముద్రలా.

ఒక్క బుడగ లేదు. ఒక్క వరస లేదు. రాయని ప్లేటు. అంచుకి నల్ల రంగు పూశారంతే, అయస్కాంతం కూడా కాదు. మాస్టారు నేర్పకపోతే దీన్నే భద్రంగా చీఫ్ బల్ల మీద పెట్టేవాడు. ఈలోగా నలభై ఒక్క ఇళ్ళ తలుపులు తట్టేవాళ్ళు.

పచ్చకోటు ఎవరి మనిషో ఇప్పుడు తెలిసింది. అసలుది ఆమె దగ్గరే ఉంది.

స్తంభం పక్కనుంచి తొంగిచూశాడు. ఇరవై అడుగుల దూరంలో స్టాల్ నంబరు ఇరవయ్యేడు. బల్ల మీద కెమెరా బిగించిన పెద్ద మైక్రోస్కోపు, ‘తాకి చూడవచ్చు’ అని అట్టముక్క. దళసరి అద్దాల పెద్దమనిషి ఒకడు దానిమీద వంగి ఉన్నాడు. పచ్చకోటు బ్యాగులోంచి ఏదో తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే పొడుగాటి మనిషి, కుడిచేయి కోటు జేబులో. ఆ జేబు బరువుగా వేలాడుతోంది.

పాదరసం నడిచాడు. పరిగెత్తితే జేబులోని చేయి బయటికి వస్తుంది.

దళసరి అద్దాలవాడు ఫోకస్ తిప్పి తల ఊపాడు. వరసలు కనపడ్డాయన్నమాట. తరువాత కెమెరా మీద సెల్ఫ్ టైమర్ తిప్పాడు. చేతి అదురుకి బొమ్మ చెదరకుండా పది సెకన్లాగి దానంతటదే ఫోటో తీసే ఏర్పాటది. ఒక్క ఫోటో చాలు. తరువాత ప్లేటు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

టిక్. టిక్. టిక్.

"జరగండి! వైరు షార్టయింది, జరగండి!" అని అరిచాడు పాదరసం. జనం చీలిపోయారు. పొడుగాటి మనిషి ఇటు తిరిగాడు. భుజం మీద స్పీకర్, మొహాన చెమట, మాసిన బట్టలు. ఒక్క క్షణం అతను కూడా పక్కకి తప్పుకున్నాడు.

బల్ల చేతికందేంత దగ్గరికి వచ్చింది. ఆరు. అయిదు.

రెండు దారులున్నాయి. స్పీకర్ పారేసి, ప్లేటు లాక్కుని పరిగెత్తొచ్చు. గేటు అరవై అడుగులు. దాటితే చివరి వరస దక్కుతుంది, మాస్టారి పరువు దక్కుతుంది, తను రాసిన అబద్ధాన్ని ఎవరూ తవ్వక్కర్లేకుండా ఆ వరసే అంతా చక్కబెట్టేస్తుంది. దాటకపోతే వీపులో ఒక బుల్లెట్, ప్లేటు మళ్ళీ బల్ల మీదికి, ఇంకో పది సెకన్లు.

నాలుగు. మూడు.

అతని చేయి ప్లేటు వైపు వెళ్ళింది. నిజంగా వెళ్ళింది. ఆ తరువాత ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ సంగతి అతనికి మింగుడుపడలేదు. నలభై ఒక్క ప్రాణాలు టిక్కుటిక్కుమంటుంటే, తన తప్పు సుళువుగా మాసిపోయే దారి కోసం రెండు సెకన్లు ఖర్చుపెట్టాడు.

ఒకటి.

భుజం మీది స్పీకర్‌ని తిరగేసి, వెనకవైపు ఉన్న పిడికిలంత అయస్కాంతాన్ని ప్లేటు పక్కన ధన్‌మని దించాడు.

క్లిక్. కెమెరా ఫోటో తీసింది.

దళసరి అద్దాలవాడు గబగబా కన్ను ఆనించాడు. ఆనించినవాడు అలాగే ఉండిపోయాడు. తెలుపు. వరసలు లేవు, చుక్కలు లేవు. పొడుగాటి మనిషి చేయి జేబులోంచి సగం వచ్చేసరికి పాదరసం బల్లని అతని మోకాళ్ళ మీదికి తోశాడు. ఈ గోలకి గేటు దగ్గరి ఆరుగురూ లోపలికి వచ్చిపడ్డారు.

పచ్చకోటు పారిపోవడానికి ప్రయత్నించలేదు. చేతులకి బేడీలు పడుతుంటే పాదరసాన్ని ఎగాదిగా చూసింది.

"ఎంత మొరటు పని!" అంది. "దాంట్లో ఏముందో మీకు తెలుసా?"

"ప్లేటు ఎవరిచ్చారు?" అని అడిగాడు పాదరసం. "పేరు చెప్పండి చాలు. మీ శిక్ష తగ్గేలా నేను చూస్తాను."

"నేను అనువాదకురాలినండీ. ఇంకొకరి మాటలే చెప్తాను. సొంతంగా ఏమీ చెప్పను."

అన్నట్టే చెప్పలేదు. దళసరి అద్దాలవాడికి దౌత్య పాస్‌పోర్టు ఉంది. సాయంత్రం విమానానికి వెళ్ళిపోయాడు.

అంతకుముందే, హాలు ఖాళీ అవుతుండగా, పాదరసం స్పీకర్‌ని ఎత్తి, పెన్ను మైక్రోస్కోపులోంచి ప్లేటుని చూశాడు. అంచు అయస్కాంతం స్పీకర్ దెబ్బకి విరిగి ఊడిపోయింది. చారలు అప్పుడే వెనక్కి వచ్చేశాయి. కొత్త దారుల్లో, కొత్త మెలికలతో. కింది అంచున చివరి వరస ఉండాల్సిన చోట ఒక నల్ల చార నింపాదిగా అటునుంచి ఇటు తిరిగి ఉంది.

*

"శభాష్," అన్నాడు చీఫ్. "నలభై ఒక్కమందికీ కబురు పంపేశాం. అందరూ క్షేమం. కేసు క్లోజ్."

"మాస్టారు, సార్?"

చీఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "కాపీ రాసింది ఆయన కాదని నాకూ తెలుసు, నీకూ తెలుసు. నాలుగేళ్ళ కిందటి సంగతికి మాత్రం ఆయన తరఫున సాక్ష్యం లేదు. ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నువ్వు స్పీకర్‌తో కొట్టి చంపేశావు. నేనైనా అదే చేసేవాణ్ణి."

"ఇంకో సాక్ష్యం ఉంది సార్."

"ఏది?"

"నేనే."

జేబులోంచి నాలుగు మడతల కాగితాలు తీసి బల్ల మీద పెట్టాడు. చీఫ్ చదివాడు. మొదటి పేజీలో ఒక చోట ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాడు. ‘ఆ రోజు నేను చూసింది ఒక వీపుని మాత్రమే. మొహాన్ని చూడలేదు. చూశానని రాసింది అబద్ధం.’

"ఇది తీసుకుంటే నీ సర్వీసు పోతుంది. జైలు కూడా పడొచ్చు."

"బేకరీ మనిషి సర్వీసు ముందే పోయింది సార్. నేను వీపుని వీపని రాసి ఉంటే, ఆ రోజే రెండో తాళంచెవి ఉన్నవాణ్ణి అడిగేవాళ్ళు. నాలుగేళ్ళుగా వాడికి అడ్డంగా ఉన్న గోడ నా వాక్యమే."

చీఫ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మరకేం లేదు దానిమీద.

"ఆరులోగా పేరు కావాలని ఫోన్ చేసింది నేను. అది కూడా రాశావా?"

"రాశాను సార్. మూడో పేజీ."

చీఫ్ మూడో పేజీ తీసి చదివాడు. చివరికి కలం తీసి, కాగితాల మీద ‘అందినది’ అని రాసి సంతకం పెట్టాడు.

డిప్యూటీ ఈ నాలుగేళ్ళలో లాబ్ డైరెక్టరయ్యాడు. విచారణ వాళ్ళు తాళంచెవి గురించి అడిగిన మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు లాయరుని తెచ్చుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం మంచినీళ్ళడిగి, రెండు గ్లాసులు తాగి, మొత్తం చెప్పేశాడు. మాస్టారి మీది ఆర్డరు రద్దయింది. పాదరసం ఐడెంటిటీ కార్డు చీఫ్ సొరుగులోకి వెళ్ళింది. శిక్ష సంగతి తేలేదాకా ఊరు దాటకూడదన్నారు.

*

ఈసారి గడ్డం లేదు, కుంటు లేదు. మామూలు చొక్కాలో, తన మొహంతో, పాదరసం కళ్ళజోళ్ళ దుకాణం వెనక తలుపు తట్టాడు.

పిన్ని తలుపు తీసింది. ఒక క్షణం చూసి, "ఏమండీ!" అని కేకపెట్టింది. "ఏమండీ, అబ్బాయి వచ్చాడు!"

మాస్టారు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. "వదిలిపెట్టారా? ఆ కుంటాయన మాట నిలబెట్టుకున్నాడే!" అంటూ రెండు భుజాలూ పట్టుకుని కుదిపేశాడు. "ఎక్కడ పెట్టార్రా నిన్ను? కొట్టారా? ఇలా చిక్కిపోయావేం?"

"కూర్చో నాయనా, కూర్చో," అని పిన్ని కుర్చీ లాగింది. కళ్ళు తుడుచుకుంటూనే లోపలికి వెళ్ళి టీ తెచ్చింది.

ఇలా అనుకుంటారని పాదరసం ఊహించలేదు. తిడతారనుకున్నాడు. మెడపట్టి గెంటుతారనుకున్నాడు. వాటికి సిద్ధపడే వచ్చాడు. ఆ గ్లాసు అందుకునే ధైర్యం లేక, చొక్కా జేబులోంచి రిపోర్టు కాపీ తీసి మాస్టారి చేతిలో పెట్టాడు.

"ఇది చదవండి మాస్టారూ. చదివాక టీ ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి."

మాస్టారు కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, వేలు వాక్యం కింద పెట్టుకుని. పిన్ని ఆయన భుజం మీదనుంచి చదివింది. మొదటి పేజీ తిప్పేసరికి ఆమె చేతిలోని గ్లాసు బల్ల మీదికి దిగింది. పాదరసానికి దూరంగా, ఆ చివర. అతన్నొకసారి చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మాస్టారు రెండో పేజీ తిప్పాడు. మూడోది తిప్పాడు. కుంటాయన ఎవరో ఆ పేజీలో ఉంది. అక్కడ ఆయన వేలు కాసేపు ఆగింది. ఒకసారి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నీ కోసం నాలుగేళ్ళు దిగులుపడ్డాను," అన్నాడు, తలెత్తకుండా. "అది వెనక్కి ఇవ్వగలవా?"

"లేదు మాస్టారూ."

"ఊఁ."

నాలుగో పేజీ ప్లేటు వివరాలది. మాస్టారు చెవి వెనకనుంచి పెన్సిలు తీశాడు. ఒక చోట గుండ్రంగా సున్నా చుట్టి, కాగితాన్ని పాదరసం వైపు తిప్పాడు.

"ఫిల్మ్ మందం అయిదు మైక్రాన్లని రాశావు. మూడే ఉంటుంది. నువ్వు కొలిచావా?"

"లేదు మాస్టారూ. అంత ఉంటుందని..."

"చూడనిది రాయడం ఇంకా మానలేదన్నమాట," అని మాస్టారు పెన్సిలు అతని చేతికిచ్చాడు. "దిద్ది, సంతకం పెట్టు."